మబ్బుకు లైన్ క్లియర్

ఒకే ఒక్క మబ్బు తొమ్మిది మబ్బులుగా లెక్కకెక్కడంతో ఈ వ్యవహారమంతా మొదలైంది.

పాపం, అందులో ఆ మబ్బు చేసిన తప్పేమీ లేదు. ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం తన దారిన తాను సముద్రం వైపు పోతూ, కాసేపు మొగపాలెం డివిజను మీద ఆగింది. నాలుగు చినుకులైనా రాల్చలేదు. కానీ సరిగ్గా ఆ రోజే హ్యామ్ రేడియో వాలంటీర్లకు తొలి అభ్యాసం పెట్టారు. తుఫాను వస్తే ముందు చచ్చేవి సెల్‌ఫోన్లు. అందుకని సరదా కొద్దీ లైసెన్సు తెచ్చుకుని ఇంట్లో వైర్‌లెస్ సెట్లు పెట్టుకున్న వాళ్లను పోగుచేసి, వాళ్లకు ఆకాశం చూడటం నేర్పి, గాలివానల కబురు ముందుగా తెప్పించుకోవాలని జిల్లా విపరీత వాతావరణ సమన్వయ విభాగం సంకల్పించింది. సంకల్పాన్ని తప్పు పట్టడానికి లేదు. ప్రభుత్వంలో సంకల్పాలెప్పుడూ బాగానే ఉంటాయి.

తొమ్మిది మంది వాలంటీర్లు తొమ్మిది ఊళ్లలో డాబాలెక్కి, తలెత్తి చూసి, కనబడిన మబ్బును కనబడినట్టు చెప్పారు. కంట్రోల్ రూములో పటం మీద తొమ్మిది నల్ల గుండుసూదులు పడ్డాయి. తొమ్మిది మబ్బులు ఒక్కసారిగా చుట్టుముట్టిన డివిజనును కాపాడటానికి బడులు వదిలేశారు, బస్సులు ఆపేశారు, జాలర్లను తీరం నుంచి తరిమేశారు. సాయంత్రానికి ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. చెప్పినవాటిలో ఒక్క మబ్బూ ఎందుకు రాలేదో సంజాయిషీ ఇవ్వమని పైవాళ్లు అడిగారు.

సంజాయిషీ ఇవ్వాల్సిన ఆయన పేరు మార్తాండరావు గారు. ప్రత్యేక సమన్వయాధికారి. అంతకు ముందు పట్టుపురుగులను సమన్వయం చేశారు, దానికి ముందు వయోజన విద్యను. పట్టుపురుగులకూ అక్షరాలకూ ఏమైందో ఎవరూ అడగలేదు గానీ, సమన్వయం మాత్రం దివ్యంగా జరిగిందని ఆయన గదిలో రెండు జ్ఞాపికలు చెబుతూనే ఉన్నాయి. ఆయన వాలంటీర్లందరినీ మండల పరిషత్తు హాలుకు పిలిపించి, ఇకపై ఒక మేఘమును ఒకే పరిశీలకుడు మాత్రమే చూడవలెనని, ఇతరులు సదరు మేఘమును చూసినప్పటికీ చూడనట్లు భావించవలెనని సెలవిచ్చారు.

మేఘం కదులుతుంది కదా, అప్పుడెలా అని ఎవరో అడిగారు. మార్తాండరావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అది ఆయన ఆలోచించలేదు. మేఘాలు కదలడం ఆయన శాఖ పరిధిలోకి రాదు.

అప్పుడు రెండో వరసలోంచి బృందావన పట్నాయక్ గారు లేచారు. ఎర్రకట్ట ఊరి వాలంటీరు. రిటైరైన స్టేషన్ మాస్టరు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, పలుచటి ఒళ్లు. ఎండలో నిలబడితే పక్కవాడు సిగ్నల్ అనుకుంటాడు. ఇందులో ఇంత ఆలోచించడానికి ఏముందని ఆయన మర్యాదగానే అడిగారు. రైల్వేలో బండి ఎలా నడుస్తుంది? ముందు స్టేషనువాడు లైన్ క్లియర్ ఇస్తేనే వెనక స్టేషనువాడు బండిని వదులుతాడు. అప్పటిదాకా బండి ఎంత కూతపెట్టినా ఆగి ఉండాల్సిందే. మబ్బుకూ అంతే. ఎవరి ఆకాశంలో ఉంటే అది వాళ్ల చార్జి. పక్క ఊరి పరిశీలకుడు లైన్ క్లియర్ ఇచ్చి తీసుకునేదాకా మబ్బు కదలడానికి లేదు. తన సర్వీసు మొత్తంలో లైన్ క్లియర్ లేకుండా ఒక్క గూడ్సు పెట్టె కూడా వదల్లేదని చెప్పి ఆయన కూర్చున్నారు.

మార్తాండరావు గారి ముఖం వెలిగిపోయింది. ఆయనకు కావలసిందల్లా అందులో ఉంది. అప్పగింత ఉంది, స్వీకరణ ఉంది, బాధ్యత ఎప్పుడూ ఇంకొకరిది. వారం తిరక్కుండా ఉత్తర్వులు వచ్చాయి. మండల సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చి ఆకాశానికి సరిహద్దులు పెట్టాడు. కింద తాటిచెట్టు దగ్గర ఊరి హద్దు ఉంటే, పైన మబ్బుకూ అదే హద్దు.

మొగపాలెం ఆకాశం కూర్మారావు చార్జిలోకి వచ్చింది.

కూర్మారావుకు మొగపాలెం బస్టాండు దగ్గర ఫ్యాన్లకూ నీళ్ల మోటార్లకూ తీగ చుట్టే కొట్టు ఉంది. చెన్నైలో ఎవడో, కొలంబోలో ఎవడో తన గొంతు విని, బ్రహ్మాండంగా వినబడుతోందనే అర్థంలో 'మీ సిగ్నల్ ఫైవ్ నైన్' అంటే పొంగిపోయే మనిషి. వాళ్లకు సగం వినబడకపోయినా ఫైవ్ నైన్ అనే అంటారని, అది హ్యాముల్లో మర్యాదని ఆయనకూ తెలుసు. తెలిసీ పొంగిపోయేవాడు. ఇన్నాళ్లకు ప్రభుత్వం నారింజరంగు జాకెట్టు తొడిగి, వెనక పెద్ద అక్షరాలతో 'గగన పరిశీలకుడు' అని రాసి, నడుముకు చేతిసెట్టు ఇచ్చింది. ఆ జాకెట్టు వేసుకుని ఆయన కూరగాయలకు కూడా వెళ్లేవాడు.

భార్య వరహాలమ్మకు ఈ వైభోగం అర్థమయ్యేది కాదు. ఆమెకు ఊరి తూర్పున, సముద్రానికి ఇవతల, పుట్టింటి వైపు నుంచి వచ్చిన ఉప్పు మళ్లున్నాయి. మాఘం నుంచి మళ్లలో ఉప్పునీళ్లు ఎండబెట్టి, గీకి, తట్టల్లో మోసి, గట్టు మీద కుప్పలు పోసింది. ఎండాకాలమంతా ఆమె నడుము ఆ కుప్పల్లో ఉంది. ఉప్పుకు ఎండలెంత మిత్రులో వాన అంత పగ. గట్టి వాన అరగంట కురిస్తే ఏడాది పంట మళ్లీ నీళ్లై సముద్రంలోకి పోతుంది. అందుకే వైశాఖంలో ఉప్పుమళ్ల వాళ్లు తాటాకులు పక్కన పెట్టుకుని పడమటి దిక్కుకేసి చూస్తూ పని చేస్తారు.

ఇప్పుడు ఆ చూడటం కూడా కుదరలేదు. శిక్షణ లేనివాళ్లు ఆకాశమును చూసి వదంతులు పుట్టించరాదని దండోరా వేయించారు. ఇంట్లోనే గగన పరిశీలకుడు ఉన్నాడు కదా అని వరహాలమ్మ ఒకనాడు అన్నం వడ్డిస్తూ, సాయంత్రం వానొస్తుందా అని మొగుణ్ణి అడిగింది. సమాచారం కంట్రోల్ రూముకే ఇవ్వాలి గానీ కుటుంబసభ్యులకు కాదని ఆయన గంభీరంగా చెప్పాడు.  ఆమె పులుసు గిన్నె అటు జరిపేసింది.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. పరిశీలకుడు మబ్బును చార్జి తీసుకున్న మరుక్షణం ఆ ఊళ్లో సైరన్ మోగుతుంది. సైరన్ మోగగానే బయట ఉన్న ప్రతి ప్రాణినీ తుఫాను షెల్టరుకు తరలించాలి. పొలాల్లో, మళ్లలో, తీరం మీద మనిషి కనబడకూడదు. మబ్బును పక్క ఊరికి అప్పగించాకే తలుపులు తీస్తారు. పిడుగుల నుంచి ప్రాణాలు కాపాడే నియమమే ఇది. ఉప్పు కుప్పల మీద తాటాకులు ఎవరు కప్పుతారన్నది మాత్రం అందులో లేదు.

ఆ రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం దాటాక పడమట ఎర్రకట్ట వైపు కారునలుపు మబ్బు లేచింది. కూర్మారావు కొట్టు మీది డాబా ఎక్కేసరికి సెట్టులో పట్నాయక్ గారి గొంతు పలికింది. మబ్బు తన చార్జిలో ఉందని, ఎర్రకట్ట జనమంతా షెల్టరుకు చేరారని, తూర్పు ముఖంగా బయల్దేరడానికి సిద్ధంగా ఉందని, మొగపాలెం లైన్ క్లియర్ ఇవ్వాలని ఆయన అడిగారు.

కూర్మారావు వెనక్కి తిరిగి చూశాడు. దూరంగా మళ్ల గట్ల మీద ఆడవాళ్లు చుక్కల్లా కనబడుతున్నారు. దండోరా మాట పక్కనబెట్టి వరహాలమ్మ మబ్బును చూసేసింది. అందరూ తాటాకుల మోపులు విప్పుతున్నారు. ఇప్పుడు తాను 'ఇచ్చాను' అన్నాడంటే సైరన్ మోగుతుంది, కానిస్టేబుళ్లు వెళ్లి వాళ్లను చేతిలో తాటాకుతో సహా తోలుకొస్తారు, కుప్పలన్నీ నోరు తెరుచుకుని వానకు దొరికిపోతాయి. ఇవ్వనంటే ఆ ఆడవాళ్లు పిడుగుల మబ్బు కింద మైదానంలో ఉంటారు. 

"మాస్టారూ, ఇప్పుడు లైన్ క్లియర్ ఇవ్వలేను," అన్నాడు. "మా లైన్లో పని జరగతంది. ఓవర్."

లైన్లో పని అన్న మాట వినేసరికి పట్నాయక్ గారు ఇంకేమీ అడగలేదు. పట్టాల మీద మనుషులుంటే బండి ఆపాల్సిందే. పని పూర్తయ్యాక చెప్పమని, అంతవరకూ మబ్బును ఊరి బయట ఔటర్ సిగ్నల్ దగ్గరే నిలుపుతానని హామీ ఇచ్చారు. ఆ ఇచ్చిన మాట మబ్బుకు తెలియదు. అది ఊరి హద్దు తాటిచెట్టును దాటి, సర్వేయరు గీతను తొక్కి, మొగపాలెం మీద పడింది.

కుండపోత. గాలికి కొట్టు ముందు రేకులు లేచిపోయాయి. కంట్రోల్ రూము వాళ్లు మొగపాలెం పరిస్థితి అడిగితే, ముఖం మీద నీళ్లు తుడుచుకుంటూ, మా పరిధిలో మేఘమేదీ లేదని కూర్మారావు చెప్పాడు. ఆ శబ్దమేమిటని అడిగారు. మోటారు టెస్టింగు అన్నాడు. అంతలో ఉప్పుమళ్ల వైపు పెద్ద మెరుపు, దాని వెంటే నేల అదిరే చప్పుడు. గట్టు పక్కన తాటిచెట్టు ఒకటి మొవ్వు దగ్గర అంటుకుని వానలోనే మండింది.

కూర్మారావు మెట్లు ఎలా దిగాడో, మళ్ల దాకా ఎలా పరుగెత్తాడో తెలియదు. వరహాలమ్మ తడిసి ముద్దై, చివరి కుప్ప మీద తాటాకులకు తాడు బిగిస్తోంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఉప్పు దక్కింది. ఆయన మాత్రం గట్టు మీద కూలబడిపోయాడు. ఉప్పా మనిషా అని తనను ఎంచుకోమంటే తాను ఉప్పును ఎంచుకున్నానని ఆయనకు తెలుసు. అసలు అలా ఎంచుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందన్నది మాత్రం అప్పటికి తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఎండ ఫెళ్లుమని కాసింది. మొగపాలెంలో అందరూ తడిసిన పక్కబట్టలు ఆరేసుకున్నారు. ఎర్రకట్టలో మాత్రం ఊరు ఊరంతా షెల్టరులోనే ఉంది. మబ్బు ఇంకా పట్నాయక్ గారి చార్జిలోనే ఉంది మరి.

తలుపులు తెరవమని జనం గోల చేశారు. పట్నాయక్ గారు కిటికీ బయట నిలబడి నీలాకాశాన్ని చూసి, చేతులు జోడించి, లైన్ క్లియర్ రాలేదమ్మా అని చెప్పుకొచ్చారు. ఆయన భార్య కూడా లోపలే ఉంది. మూడు పూటలూ పులిహోర పొట్లాలు తిని ఆమె ఆయనతో మాటలు మానేసింది. మబ్బు వెళ్లిపోయిందని ఒక్క ముక్క అబద్ధమాడేస్తే సరిపోతుందని పక్కవాళ్లు సలహా ఇచ్చారు. మబ్బు వెళ్లిపోయినమాట నిజమే గానీ పంపానని చెప్పడం అబద్ధమని, లైన్ క్లియర్ లేకుండా వదిలానని చెప్పుకునే రోజు తన బతుకులో రాకూడదని ఆయన అన్నారు. 

ఇటు మార్తాండరావు గారి ఆఫీసులో పండగ వాతావరణం. ఒక తీవ్ర మేఘమును రెండు రోజులుగా ఒకే చోట నిలిపి ఉంచిన విభాగం తమదేనని ఆయన పైకి నివేదించారు. దాన్ని పరిశీలించడానికి పెద్ద ఊరి నుంచి నిపుణులు కారులో దిగారు. ఎర్రకట్ట షెల్టరు డాబా ఎక్కి, తలలెత్తి, మబ్బు తునక లేని ఆకాశాన్ని చాలాసేపు చూశారు. ఒకాయన మేఘం మిక్కిలి పలుచగా ఉందన్నాడు. ఇంకో ఆయన అది పలుచన కాదు, బాగా ఎత్తున ఉందన్నాడు. మార్తాండరావు గారు ఇద్దరి అభిప్రాయాలనూ సమన్వయం చేశారు. మేఘం బాగా ఎత్తున మిక్కిలి పలుచగా ఉన్నందున ప్రజలు మరింత అప్రమత్తంగా ఉండవలెనని, షెల్టరు కిటికీలు కూడా మూసివేయవలెనని తేలింది.

వరహాలమ్మ అక్క ఎర్రకట్టలోనే కాపురం. ఆమె పశువులను చూసుకునే వీల్లేక, పొయ్యి లేక షెల్టరులో మగ్గిపోతోందని కబురు తెలిసిన సాయంత్రం వరహాలమ్మ కొట్టుకొచ్చి, మొగుడి ఎదుట ముక్కాలిపీట లాక్కుని కూచుంది.

"నా ఉప్పు నిలబెట్టినావు, మంచిదే," అంది. "దానికి మా అక్కోల్లని జైల్లో ఎట్టినావు. ఆ మబ్బు మనది. మన నెత్తిన కురిసి ఎల్లిపోనాది. అది మాకొచ్చీసిందని ఆ మాస్టారికి సెప్పీయ్."

చెప్పేస్తే ఇక్కడ సైరన్ మోగుతుందని, అందరూ లోపలికి పోవాలని, ఆ మబ్బును మళ్లీ తీసుకునే దిక్కు ఉండదని కూర్మారావు వివరించబోయాడు. ఆమె కదలలేదు. తప్పు తనదేనని ఆయనకు లోపల తెలుస్తూనే ఉంది. సెట్టు నోటి దగ్గర పెట్టుకుని, లైనులో పని అయిపోయింది, మబ్బును పంపండి మాస్టారూ అన్నాడు.  మబ్బు బయల్దేరిందండీ, మీ మేలు మరచిపోను, సెవెంటీ త్రీ అని పట్నాయక్ గారు హ్యాముల పద్ధతిలో సెలవు తీసుకున్నారు. ఎర్రకట్ట తలుపులు తెరుచుకున్నాయి. మొగపాలెంలో సైరన్ మోగింది.

ఇప్పుడు మొగపాలెం వంతు. నిప్పులు చెరిగే ఎండలో ఊరందరినీ షెల్టరులో పెట్టి తాళం వేశారు. ఉప్పు తీసుకుపోవడానికి వచ్చిన లారీ గట్టు దగ్గర హారను కొట్టి కొట్టి ఊరుకుంది. మళ్లలో కట్టిన నీళ్లు ఎండి, గీకే మనిషి లేక ఉప్పు పెళ్లలు కట్టింది. పరిశీలకుణ్ణి మాత్రం బయట తిరగనిచ్చారు. షెల్టరు ముందు నుంచి జాకెట్టుతో పోతుంటే ఊచల్లోంచి ఊరంతా తనను చూసే చూపుకు కూర్మారావు తల భూమిలోకి దిగిపోయింది. జాకెట్టు తిరగేసి వేసుకున్నాడు.

ఈ మబ్బును ఎవరికి అప్పగించాలి? మొగపాలెం తర్వాత సముద్రం. సముద్రానికి పరిశీలకుడు లేడు. కూర్మారావు జిల్లా ఆఫీసుకు పోయి మార్తాండరావు గారి కాళ్లావేళ్లా పడ్డాడు. సార్, అది ఎప్పుడో కురిసి ఆరిపోయింది, రద్దు చేసేయండని వేడుకున్నాడు.

"మేఘమును రద్దు చేయు అధికారం నాకు దఖలు పడలేదు," అన్నారు మార్తాండరావు గారు. "బదిలీ చేయు అధికారం కలదు."

ఆయన ఒక రాత్రంతా ఆలోచించి బదిలీకి మార్గం కనిపెట్టారు. మొగపాలెం గగన పరిశీలకునికి సముద్ర గగనమును కూడా పూర్తి అదనపు బాధ్యతలతో అప్పగించారు. కూర్మారావు పడవలో తీరం దాటి వెళ్లి, సముద్ర పరిశీలకుడి హోదాలో లైన్ క్లియర్ ఇచ్చి, మొగపాలెం పరిశీలకుడి హోదాలో మేఘమును అప్పగించి, తిరిగి సముద్ర పరిశీలకుడి హోదాలో స్వీకరించవలెను.

దానయ్య అనే జాలరి తన పడవలో ఆయనను తీసుకెళ్లాడు. అలలు దాటాక కూర్మారావు సెట్టు తీసి, తనను తాను లైన్ క్లియర్ అడిగి, తనకు తాను ఇచ్చి, పుచ్చుకున్నాడు. మర్యాద కోసం తన సిగ్నల్ ఫైవ్ నైన్ అని కూడా తనే చెప్పుకున్నాడు. దానయ్య తెడ్డు వెయ్యడం ఆపి ఆయన వంక జాలిగా చూశాడు. ఒడ్డున సైరన్ ఆగింది, షెల్టరు తలుపులు తెరుచుకున్నాయి, జనం మళ్ల మీదకు పరుగెత్తారు. పని అయిపోయింది, ఒడ్డుకు పోనిమ్మన్నాడు కూర్మారావు.

కంట్రోల్ రూము ఒప్పుకోలేదు. మేఘం ఇప్పుడు ఆయన చార్జిలో ఉంది. చార్జి ఎక్కడుంటే మేఘం అక్కడ. ఆయన ఒడ్డుకు వస్తే మేఘం కూడా ఒడ్డుకు వచ్చినట్టే, మళ్లీ సైరన్, మళ్లీ షెల్టరు. మేఘమును స్వీకరించు అధికారి లభించువరకు పరిశీలకుడు సముద్రములోనే ఉండవలెనని ఉత్తర్వు.

అలా కూర్మారావు సముద్రం పాలయ్యాడు. దానయ్య పడవకు లంగరేసి చేపలు కాల్చి పెట్టేవాడు. తన వేట పోయినందుకు సణిగినా, సర్కారు మబ్బును వలేసి పట్టుకున్నోణ్ణి నేనొక్కణ్ణే అని నవ్వుకునేవాడు. అక్కడి నుంచి ఉప్పుమళ్లు చక్కగా కనబడేవి. వరహాలమ్మ ఎరుపు చీర గట్టు మీద అటూ ఇటూ తిరుగుతుంటే కూర్మారావు దాన్నే చూస్తూ కూర్చునేవాడు. చెన్నై, కొలంబోల గొంతులు గుర్తుకు రావడం మానేశాయి. ఇంటికి పోవాలనుంది, అంతే.

మూడో రోజు మధ్యాహ్నం పడమటి ఆకాశం కిందనుంచి నల్లబడింది. ఈసారిది మొన్నటిదాని తాతలా ఉంది. మళ్లలో ఆడవాళ్లు లారీకి ఉప్పెత్తే హడావుడిలో ఉన్నారు. కుప్పలన్నీ విప్పేశారు. వంగిన నడుములు, నేలకేసిన చూపులు. షెల్టరుకు భయపడి పడమర వైపు తలెత్తడం కూడా మానేశారు, ఏదన్నా ఉంటే సైరనే చెబుతుందిలే అని.

కూర్మారావు కంట్రోల్ రూమును పిలిచాడు. మార్తాండరావు గారే అందుకున్నారు. సావధానంగా విని, ఎర్రకట్టలో మేఘమున్నట్టు తమకూ సమాచారం కలదని, అయితే మొగపాలెంలో ప్రస్తుతం పరిశీలకుడు లేనందున లైన్ క్లియర్ ఇచ్చువారు లేరని, కావున సదరు మేఘం మొగపాలెంలో ప్రవేశించుటకు అవకాశమే లేదని ఆయన ధైర్యం చెప్పారు. నిజానికి ఇకపై ప్రతి ఊరి పరిశీలకుణ్ణీ సముద్రంలో ఉంచితే డివిజనులోకి గాలివానలే రావని తమకిప్పుడే ఆలోచన వచ్చిందన్నారు.

ఆయన ముగించకముందే మధ్యలో ఇంకో గొంతు దూరింది. పద్ధతి లేదు, పిలుపు సంకేతం లేదు, ఓవర్ లేదు. పట్నాయక్ గారు.

"కూర్మారావు గారూ, నేను లైన్ క్లియర్ అడగడం లేదు, చెబుతున్నాను. ఇది ఆగే బండి కాదు. సిగ్నల్ దాటేసింది. ఇప్పుడే మా పెంకులు ఎగరగొట్టి మీ మీదకు వస్తోంది. మళ్లలో ఆడవాళ్లున్నారేమో, చూసుకోండి బాబూ."

లైన్ క్లియర్ లేకుండా పట్నాయక్ గారు వదిలిన మొదటి బండి అది. కంట్రోల్ రూము ఆయనను మందలిస్తూనే ఉంది. కూర్మారావు వినిపించుకోలేదు. దానయ్య అప్పటికే లంగరు లాగేస్తున్నాడు. ఇద్దరూ కలిసి తెడ్లేశారు. పడవ ఇసుకను తాకకముందే కూర్మారావు నీళ్లలోకి దూకి, నడుములోతు నురగలో పడి లేచి, జాకెట్టు విప్పి పైకెత్తి ఊపుతూ, వరహాలూ, మబ్బూ అని గొంతు చించుకుంటూ మళ్ల మీదకు పరుగెత్తాడు.

ఆడవాళ్లు తలెత్తారు. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. తాటాకులు లేచాయి, తాళ్లు బిగిశాయి, లారీ మీద టార్పాలిన్ పడింది. మబ్బు ఇంకా ఊరవతలే ఉంది. ఈసారి వ్యవధి ఉంది. చాటింపు లేకుండా, కానిస్టేబులు లేకుండా, ఒక్కొక్క కుప్ప కప్పగానే ఆ కుప్ప తాలూకు మనుషులు ఊళ్లోకి పరుగెత్తుతున్నారు. చివరికి మిగిలింది వరహాలమ్మ పెద్ద కుప్ప. ఒక కొస ఆమె, ఒక కొస ఆయన పట్టుకుని తాడు లాగుతుండగా కూర్మారావు నడుము దగ్గర సెట్టు గరగరలాడింది.

"సముద్ర పరిశీలకుడు గారికి కంట్రోల్ రూము. సదరు మేఘము ప్రస్తుతం ఎవరి అధీనంలో ఉన్నది? తెలియజేయవలెను. ఓవర్."

కూర్మారావు రెండు చేతులూ తాడు మీద ఉన్నాయి. వరహాలమ్మే సెట్టు ఊడబీకి ఆయన నోటి దగ్గర పెట్టింది. మొదటి చినుకు, రూపాయి బిళ్లంత చినుకు, టప్పున ఆయన నుదుటి మీద పడింది.

"నా నెత్తి మీదే ఉందండి. ఓవర్."

అటువైపు నిట్టూర్పు వినబడింది. మార్తాండరావు గారు తమ విభాగం తరఫున, తమ తరఫున హృదయపూర్వక అభినందనలు తెలిపారు. తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు మేఘమును అక్కడి నుంచి కదలనివ్వరాదని, పరిశీలకుడు కూడా ఉన్నచోటి నుంచి అంగుళమైనా కదలరాదని ఆదేశించారు.

తాడుకు ముడి పడింది. ఏమంటున్నాడని వరహాలమ్మ అడిగింది. మబ్బును కదలనివ్వకుండా ఇక్కడే నిలబడమన్నాడని కూర్మారావు చెప్పాడు.

ఆమె ఒకసారి పైకి చూసింది, ఒకసారి మొగుణ్ణి చూసింది. పడమట మొదటి మెరుపు మెరిసింది.

"అలగైతే నువ్వు మబ్బుని కాసుకోని ఉండు," అంది. "నేనింటికెల్తన్నాను."

చీర కుచ్చెళ్లు దోపుకుని ఆమె గట్టు మీద పరుగు తీసింది. కూర్మారావు సెట్టును ఆపేసి, తడి ఇసుకలో ఆమె అడుగుల మీదే అడుగులు వేస్తూ వెనకాలే పరుగెత్తాడు.